పాలపన్ను మీది గీత

ఆ ఇంట్లో జరిగిన చెడ్డకంతటికీ ఒక ముక్కాలి బల్లే కారణమని తొమ్మిదేళ్ళుగా అందరూ ఒప్పేసుకున్నారు. బల్లకి నోరు లేదు కాబట్టి అది ఎదురు చెప్పలేదు. బల్లెక్కిన మనిషికి నోరుంది గానీ ఆవిడా ఎదురు చెప్పలేదు.

జరిగింది ఇంతే. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న మనిషి కిటికీకి తెర కడదామని బల్ల ఎక్కింది. బల్ల ఒరిగింది, ఆవిడ పడింది. నడుం పట్టేసి రెండ్రోజులు మంచం దిగలేదు. డాక్టరు చూసి బిడ్డకేం ఫర్వాలేదన్నాడు. నెలలు నిండాకే పిల్లాడు పుట్టాడు. మూడు కిలోల బరువు, వీధి చివరిదాకా వినపడే గొంతు. కానీ నాలుగేళ్ళొచ్చినా వాడు రంగుల పేర్లు చెప్పలేకపోయినప్పుడు, బళ్ళో వేశాక పొద్దున నేర్పింది సాయంత్రానికి మరిచిపోతున్నప్పుడు, కోపమొస్తే తల గోడకేసి కొట్టుకుంటున్నప్పుడు, కారణం కోసం ఎవరూ దూరం వెళ్ళలేదు. "ఆ రోజు నువ్వా బల్ల ఎక్కకుండా ఉంటే" అని అత్తగారు మొదలుపెట్టింది. పెద్దావిడ నోటి మాట కదా, ఇల్లంతా అదే పట్టుకుంది. మూడేళ్ళ కిందట పోయేముందు కూడా ఆవిడ మనవడి చెయ్యి పట్టుకుని, కోడలి వైపు చూసి నిట్టూర్చి మరీ పోయింది. అంత ఓపిక ఎలా మిగిలిందో ఆ పెద్దప్రాణానికి.

కట్టుకున్నవాడూ అన్నాడు. రోజూ అనలేదు, అంత చెడ్డవాడు కాదు. బళ్ళోంచి కబురొచ్చిన రోజు, పిల్లాడు పక్కింటివాళ్ళ కిటికీ అద్దం పగలగొట్టిన రోజు, అలా ఏడాదికి నాలుగైదుసార్లు. అన్న ప్రతిసారీ ఆవిడ చేతిలో పని ఆపకుండా తల ఇంకాస్త వంచేది.

ఇన్నిసార్లు విని విని పిల్లాడికి కూడా అది కంఠతా వచ్చేసింది. ఏదీ నిలవని ఆ బుర్రలో ఇదొక్కటీ నిలిచింది. కొత్తవాళ్ళెవరు కనబడ్డా, "మా అమ్మ బల్ల మీంచి పడింది, అందుకే నాకు చదువు రాదు" అని, ఏ ఊరంటే ఊరి పేరు చెప్పినంత మామూలుగా చెప్పేవాడు. వాణ్ణి ఇంట్లో బుజ్జిగాడంటారు. పదమూడేళ్ళకే తండ్రి భుజం దాటాడు, పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది.

తండ్రిని వీధిలో అందరూ బ్యాటరీ అంటారు. ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే యార్డులో పనిచేసేవాడు. రెండు షిఫ్టులు చేసినా అలిసేవాడు కాదు, అందుకని పేరు రెండు విధాలా అతికింది. చుట్టుపక్కల జనం గొడవ చేస్తే తొమ్మిదేళ్ళ కిందట ఆ యార్డు మూసేశారు. ఇప్పుడతను బస్సు డిపోలో టైర్లకు గాలి కొడతాడు. "సీసం పోయింది, గాలి మిగిలింది" అని తనమీద తనే జోకు వేసుకుంటాడు. భార్య ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ విభాగంలో ఉంది.

వీళ్ళ వీధికి కిందటేడు ఒక అమ్మాయి వచ్చింది. భుజానికి సంచి, చేతిలో ఫారాలు, మెడలో పరిశోధన సంస్థ కార్డు. పిల్లలకి ఊడిన పాలపళ్ళు ఎవరైనా దాచి ఉంచితే ఇమ్మని ఇల్లిల్లూ తిరిగింది. జనం నవ్వారు. బంగారం అడిగేవాళ్ళని చూశాం, పాత ఇనుము అడిగేవాళ్ళని చూశాం, పళ్ళడిగేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నామన్నారు. రెండో రోజుకే ఆ పిల్లకి పళ్ళమ్మాయి అని పేరు పెట్టేశారు.

బ్యాటరీ ఇంట్లో పళ్ళున్నాయి. కొడుక్కి ఊడిన పళ్ళన్నీ తల్లి ఒక మాత్రల డబ్బాలో వేసి బీరువాలో పెట్టింది. ఎందుకు పెట్టావంటే ఆవిడ చెప్పలేదు. ఆ పిల్లాడు వేళకి చేసిన పని పళ్ళు ఊడటమొక్కటే. అది దాచుకోవాలనిపించి ఉంటుంది.

పళ్ళమ్మాయి గచ్చు మీద కూర్చుని విడమరిచి చెప్పింది. "పాలపన్ను కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది పిన్నీ. రోజుకొక సన్నటి పొర చొప్పున పెరుగుతుంది. బిడ్డ పుట్టిన రోజు దగ్గర దానిమీద ఒక గీత పడిపోతుంది. ఆ రోజుల్లో ఒంట్లోకి సీసంలాంటిదేమైనా వెళ్తే ఆ పొరలోనే ఉండిపోతుంది. పన్ను సన్నగా కోసి చూస్తే ఏ వారంలో వెళ్ళిందో కూడా చెప్పొచ్చు."

"పుట్టకముందుది కూడా తెలుస్తుందా?" అంది తల్లి.

"తెలుస్తుంది."

తర్వాత ఫారం నింపడం మొదలైంది. ఇంటికి ఏ రంగు వేశారు, నీళ్ళెక్కడివి, తల్లి ఏం పని, తండ్రి ఏం పని. యార్డు అనగానే పళ్ళమ్మాయి కలం ఆగింది. బ్యాటరీ ఛాతీ ముందుకొచ్చింది. "అమ్మాయ్, అది మాత్రం గట్టిగా రాసుకో. నేను పని బట్టలతో ఒక్కనాడు కూడా పిల్లాణ్ణి ముట్టుకోలేదు. యార్డులోనే తలస్నానం, బట్టలు అక్కడే, చెప్పులు అక్కడే. మా మేస్త్రి నవ్వేవాడు, పెళ్ళికొడుకులా వెళ్తున్నావేంట్రా అని. సీసం దుమ్ము చెడ్డదని నాకు తెలుసు."

"చాలా మంచి పని చేశారు బాబాయ్" అని ఆ పిల్ల మనస్ఫూర్తిగానే అంది. "పొయ్యిలో ఏం కాల్చేవాళ్ళు?"

"కట్టెలు" అన్నాడతను. అబద్ధం చెబుతున్నానని అతనికి తెలియదు. ఎండుపుల్లలు, చెక్కముక్కలు, చేతికందింది ఏదైనా అతని దృష్టిలో కట్టెలే.

చివర్లో ఒక గడి ఉంది. ఫలితం తెలియాలా, అక్కర్లేదా. "ఎందుకొచ్చిన గొడవ, వద్దని పెట్టు" అన్నాడు బ్యాటరీ. ఆవిడ ఇన్నేళ్ళలో మొదటిసారి అతని మాటకి అడ్డొచ్చింది. "కావాలని పెట్టమ్మా. నావల్లే అయితే నావల్లేనని కాగితం మీద చూసుకుంటాను."

ఎనిమిది నెలలకి ఫోనొచ్చింది. ఆవిడకి ఆ రోజు సెలవు దొరకలేదు. ఆసుపత్రిలో రోగులకి సెలవులుండవు కదా, దుప్పట్లకీ ఉండవు. బ్యాటరీ ఒక్కడే వెళ్ళాడు.

చిన్న గది, రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు. పెద్ద డాక్టరమ్మ జుట్టు నెరిసిన మనిషి, గొంతు మెల్లన. తెర మీద ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా ఒక బొమ్మ పెట్టింది. అది తన కొడుకు పన్నని అతనికి నమ్మబుద్ధి కాలేదు. వేలి గోరంత కూడా లేనిది గోడంత అయి కూర్చుంది.

"ఈ నల్ల గీత చూశారా, ఇది మీ అబ్బాయి పుట్టిన రోజు. గీతకి ఇటువైపు తల్లి కడుపులో ఉన్న రోజులు. నీలం రంగు, అంటే సీసం లేనట్టే. ఆ తల్లి ఒంట్లోంచి వచ్చి ఉంటే ఇక్కడే కనబడేది."

"పడితే? తల్లి ఎక్కణ్ణించైనా పడితే కనబడుతుందా?"

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "పడటం పన్నులో కనబడదండీ. కానీ ఆవిడ పడ్డ సంగతి మీ ఫారంలో రాశారు, ఆసుపత్రి కాగితాలు కూడా చూశాను. నెలలు నిండి, మంచి బరువుతో, పుట్టగానే ఏడ్చిన బిడ్డ. ఆ పడటానికీ దీనికీ ముడిపెట్టడానికి నాకేమీ కనబడట్లేదు."

బ్యాటరీ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. తన తల్లి మాటలు, తన మాటలు, అన్నీ ఒక్కసారి చెవిలో పడ్డాయి. పాపం పిచ్చిది, అనుకున్నాడు. అప్పటికింకా అతని మనసులో ఉన్నది జాలి ఒక్కటే.

"ఇప్పుడిటు చూడండి. పుట్టాక మూడు వారాలు మామూలుగానే ఉంది. మూడో వారం దాటగానే ఎర్రగా ఎలా ఎక్కిందో చూశారా. ఐదో నెల దాకా అలాగే ఉండి, మెల్లగా దిగిపోయింది. ఇంత ఎత్తుకి పోయినవి మా దగ్గరున్న వందల పళ్ళలో నాలుగే. ఇదొక్కటే కారణమని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ ఆ వయసులో ఇంత సీసం వెళ్తే మెదడు మీద పడుతుంది. జ్ఞాపకం మీద, కోపం మీద." ఆవిడ కలం కింద పెట్టింది. "ఆ నాలుగు నెలల్లో మీ ఇంట్లో కొత్తగా ఏం జరిగింది?"

అతను లెక్క వేసుకున్నాడు. పురుడయ్యాక మూడు వారాలు తల్లీబిడ్డా ఆవిడ అక్కగారింట్లో ఉన్నారు. తర్వాత ఇంటికొచ్చారు. చలి ఎముకలు కొరుకుతున్న రోజులు. కిటికీలు మూసేసి, గది మూలన పొయ్యి పెట్టి, దాని పక్కనే మంచం వేశారు.

యార్డులో పాత లారీ బ్యాటరీల నల్ల పెట్టెలు పగలగొట్టాక ముక్కలు గుట్టగా పడి ఉండేవి. వాటినెవరూ కొనరు. కానీ పొయ్యిలో పెడితే బొగ్గుకన్నా వేడిగా, పొద్దస్తమానం కాలతాయి. యార్డులో పనిచేసేవాళ్ళందరూ సంచుల్లో ఇంటికి పట్టుకెళ్ళేవారు. సీసం దుమ్ము ఒంటికంటుకుంటే కడుక్కోవాలని తెలిసిన మనుషులే. సీసం తీసేశాక మిగిలిన పెట్టెలో ఏముంటుందిలే అనుకున్నారు. కొడుకు పుట్టాడని మేస్త్రి అతనికి రెండు సంచులు ఎక్కువ ఇచ్చాడు. "నీ బిడ్డకి చలేస్తే నా మీద ఒట్టు" అన్నాడు. పెళ్ళికొడుకులా స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఆ సంచి భుజాన పెట్టుకుని ఇంటికెళ్ళేవాడు. నా కొడుక్కి ఈ చలికాలం వేడినీళ్ళు తక్కువ కాలేదని పదిమందికీ చెప్పుకునేవాడు. చలి తగ్గాక, ఐదో నెలలో, పొయ్యి తీసేశారు. కంచే చేను మేసిందంటారే, ఆ కంచె తనేనని తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ గదిలో డాక్టరమ్మ ఒక్కతే చూసింది.

"ఫారంలో కట్టెలని ఉంది" అందావిడ, కాగితం చూస్తూ.

"అవునమ్మా. కట్టెలే." ఎవరి సంగతో చెబుతున్నట్టు అడిగాడు. "మా వాళ్ళు కొందరు బ్యాటరీ పెట్టెల ముక్కలు కాల్చేవారు. దానివల్ల ఏమైనా?"

"ఆ పెట్టెలు సీసంలో నానినవండీ. కాలిస్తే ఆ పొగలో, బూడిదలో ఉండేదంతా అదే. మూసేసిన గదిలో అయితే మరీను." ఆవిడ గ్లాసులో నీళ్ళు పోసి అతని ముందుకు జరిపింది. "ఆ కొందరికీ తెలియదు. వాళ్ళకి చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు."

"ఇప్పుడు మందేమైనా ఉందా అమ్మా?"

"పోయినదాన్ని తెచ్చే మందు లేదు. కానీ నేర్పడం ఆపకండి. వందసార్లు చెప్తే ఒకటి నిలవొచ్చు." ఒక ఉత్తరం చేతికిచ్చింది. అందులో అంతా ఉంది, ఏ వారంలో మొదలైంది, ఏ నెలలో ఆగింది. ఎక్కణ్ణించి వచ్చిందన్నది మాత్రం లేదు. అది చెప్పాల్సినవాడు చెప్పలేదు కదా.

ఇంటికి బస్సులో వెళ్ళాల్సినవాడు నడిచి వెళ్ళాడు. చెప్పేస్తానని ఒక వీధి, చెప్పనని ఒక వీధి. చెబితే ఏమొస్తుంది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే కదా అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. బల్ల కాదన్న మాట చెబుతాను, దానికి కావలసింది అదే. మిగతాది నా కడుపులో పెట్టుకుంటాను, అది నాకు శిక్ష. ఇలా అనుకుంటే తను మంచివాడిలా కూడా కనబడ్డాడు తన కళ్ళకి. మనిషి పిరికితనానికి త్యాగమని పేరు పెట్టుకున్నంత సుళువుగా ఇంకే పనీ చెయ్యలేడు.

సాయంత్రం ఆవిడ పని నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది. "ఏమన్నారు?"

"బల్ల కాదు."

"ఏంటీ?"

"నువ్వు పడటం వల్ల కాదు. కడుపులో ఉన్నప్పుడు వాడికేమీ అవలేదు. పుట్టాకే. సీసం వెళ్ళింది."

ఆవిడ గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. "ఇంకోసారి చెప్పు." చెప్పాడు. ఉత్తరం చదివింది. మళ్ళీ చెప్పమంది. నాలుగోసారి చెప్పేసరికి ఆవిడ ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. పెద్దగా, సిగ్గు లేకుండా, పసిపిల్లలా ఏడ్చింది. అతను పక్కన కూర్చుని వీపు నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మరి ఆ సీసం ఎక్కడిదంట?"

"గాలి... నీళ్ళు... యార్డు దగ్గరే కదా అప్పుడు మనం. సవాలక్ష ఉంటాయంట."

ఆవిడ నమ్మింది. నమ్మకపోవడం ఆవిడకి అలవాటు లేదు. అక్కకి ఫోన్ చేసింది. "అక్కా, బల్ల కాదంట" అంటుంటే గొంతు పదిహేనేళ్ళ పిల్ల గొంతులా ఉంది. లాండ్రీలో తోటి ఆడవాళ్ళకి చెప్పింది. రెండ్రోజులు ఇంట్లో కూనిరాగాలు వినబడ్డాయి. ఆ రాగం వింటూ బ్యాటరీ అన్నం మెతుకు మింగలేకపోయాడు.

ఆ సంతోషం నాలుగో రోజుకే పలచబడింది. కొడుక్కి చెబుదామని ఆవిడ రెండుసార్లు వాడి దగ్గర కూర్చుంది. బల్ల కాదురా అంటే, మరెందుకమ్మా అంటాడు. జవాబు కోసం ఉత్తరం ముందేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. పని చేసుకుంటూ ఏవో నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టేది. తలెత్తి నడవడం వారం రోజులే అయింది, మళ్ళీ మెడ వంగుతోంది.

ఆదివారం మధ్యాహ్నం అతను పెరట్లో సైకిలు తుడుస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు తెలిసిపోయింది" అంది.

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నా పాలు" అందావిడ. "మూడో వారం నుంచి ఐదో నెల దాకా అని ఉంది కదా. అక్క ఇంట్లో నాకు పాలు పడలేదు, డబ్బాపాలు పట్టాం. ఇంటికొచ్చాకే నా పాలు తాగాడు. ఐదో నెలలో నేను లాండ్రీకి వెళ్ళడం మొదలుపెట్టి మానిపించేశాను. సరిగ్గా సరిపోయింది చూడు." లెక్క కుదిరినందుకు ఆవిడ నవ్వింది కూడా. "బల్ల కాకపోతేనేం, నేనే. నా చేత్తోనే పట్టాను. వాడు ఆపితే ఏడ్చేవాడు, ఇంకా ఇంకా పట్టాను."

ఇదే అదను. తలూపి ఊరుకుంటే చాలు. పన్ను మీద గీత ఆవిడ పేరుకే సరిపోయింది, డాక్టరమ్మకి నిజం తెలియదు, మేస్త్రి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఇంకో తొమ్మిదేళ్ళు ఆవిడ మెడ వంచుకునే బతికేస్తుంది. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, బ్యాటరీకి అలా ఉండిపోదామనే అనిపించింది. ఆ క్షణాన్ని అతను తర్వాత ఎన్నడూ మరిచిపోలేదు.

"పాలు కాదు" అన్నాడు.

"కాదంటే ఎలా, లెక్క—"

"పాలు కాదే. పొయ్యి." గుడ్డ కింద పెట్టాడు. "యార్డు నుంచి సంచుల్లో తెచ్చేవాణ్ణే, నల్ల ముక్కలు. అవి సీసంలో నానినవంట. ఆ పొగ. వాడి మంచం పక్కనే కదా పెట్టాను. మీరు అక్కగారింటి నుంచి వచ్చిన రోజే మొదలుపెట్టాను, చలి తగ్గాక ఆపేశాను. డాక్టరమ్మ అడిగితే కట్టెలని చెప్పాను. నీకూ చెప్పలేదు."

గోడ అవతల ఎవరో బకెట్టు నింపుతున్నారు, అది నిండి పొర్లి, ఎవరో కట్టేసేదాకా నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది.

"పొయ్యిలో వేసింది నేనే కదా" అంది చివరికి.

"తెచ్చింది నేను."

"తెలియక తెచ్చావు."

"తెలియకే." ఆ మాట ఆవిడ నోటినుంచి రాగానే అతని గుండె కాస్త తేలికపడింది. ఏడుపొచ్చింది. క్షమించేసిందనుకున్నాడు.

ఆవిడ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "నేను కూడా తెలియకే బల్ల ఎక్కాను. నాతో ఆ మాట ఎవరూ అనలేదు. నువ్వు కూడా."

అతను తలెత్తలేకపోయాడు. క్షమాపణ అడగబోయాడు.

"నాకేం చెప్పక్కర్లేదు" అంది. "వాడికి చెప్పు. నా కొడుకు వీధిలో కనబడ్డవాడికల్లా మా అమ్మ పడింది, మా అమ్మ పడింది అని చెప్తాడు. ఆ మాట వాడికి నేర్పింది మీ అమ్మా నువ్వూ. నువ్వే మాన్పించు." ఇంట్లోకి వెళ్ళిపోయింది.

బ్యాటరీ ఆ సాయంత్రమే డాక్టరమ్మకి ఫోన్ చేసి, మావాళ్ళు కొందరు కాదు, నేనేనని చెప్పాడు. అప్పుడు యార్డులో పనిచేసిన ఇంకో ఆరు ఇళ్ళ గుర్తులు కూడా చెప్పాడు. తర్వాత కొడుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"బుజ్జీ, అమ్మ బల్ల మీంచి పడింది కదా, దానివల్ల నీకేమీ అవలేదురా. నువ్వు చిన్నప్పుడు నేను చెడ్డ ముక్కలు తెచ్చి పొయ్యిలో పెట్టించాను. ఆ పొగ నీకు పడలేదు. అందుకే నీకు గుర్తుండట్లేదు. తప్పు నాది. అమ్మది కాదు."

పిల్లాడు శ్రద్ధగా విన్నాడు. "నువ్వు కావాలని చేశావా?"

"లేదురా. నీకు చలేస్తుందని."

"మరి ఏడవకు" అన్నాడు వాడు, తండ్రి ముఖం తన చొక్కా అంచుతో తుడిచి. "నేను గుర్తుపెట్టుకుంటాలే." పెద్ద భారం దిగినట్టు అతను ఆ రోజు కాస్త తిన్నాడు.

మర్నాడు పొద్దున గుమ్మంలో పేపరు వేసేవాడితో బుజ్జిగాడు చెబుతున్నాడు. మా అమ్మ బల్ల మీంచి పడింది, అందుకే నాకు చదువు రాదు. లోపల ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బ్యాటరీ బయటికొచ్చి, పేపరు వేసేవాడి ముందే, మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చెప్పాడు. పిల్లాడు ఆశ్చర్యపోయాడు. మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు, మళ్ళీ చొక్కా అంచుతో తుడిచాడు.

అప్పట్నుంచి అది అతని పని అయింది. డిపోకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. మందుబిళ్ళ వేసినట్టు. కొట్టు దగ్గర, బస్టాపులో, వాడు ఎవరిముందు ఆ పాత మాట ఎత్తితే వాళ్ళముందే ఇతను కొత్త మాట చెప్పాలి. మొదట్లో నోరు తిరిగేది కాదు. డిపోలో కూడా తెలిసిపోయింది. బ్యాటరీ అని పిలవడానికి జనం మొహమాటపడుతున్నారు. పాతది ఇన్నేళ్ళు నూరిపోసిన మాట, కొత్తది నిన్నటిది. సీసం ఆ పిల్లాడి బుర్రలో తీసుకుపోయింది కొత్తది పట్టుకునే చోటునే. కొడుకు మరిచిపోవడానికి కారణం తనే, వాడు మరిచిపోయిన ప్రతిసారీ తప్పు ఒప్పుకోవాల్సిందీ తనే. ఇంతకన్నా సరైన శిక్ష ఏ జడ్జీ రాయలేడు.

భార్య ఆ మాటలు జరుగుతున్నప్పుడు దగ్గరుండదు, దూరమూ పోదు. పక్కగదిలో ఏదో మడతపెడుతూ వింటుంది. అతను చెప్పడం అయిపోయాక ఆ మడతపెట్టడం మళ్ళీ మొదలవుతుంది. భార్యాభర్తలు కూర గురించి, గ్యాసు గురించి, బడి గురించి మాట్లాడుకుంటారు. దీని గురించి మాట్లాడుకోరు.

మూడో నెలలో ఒక రోజు అతనికి జ్వరమొచ్చింది. కొడుక్కి రోజూ చెప్పే మాట ఆ పూట చెప్పలేదు. ఒక్కరోజుకేం పోతుందిలే అనుకున్నాడు. ఆ సాయంత్రం పక్కింట్లో కొత్తగా దిగినావిడ పలకరించడానికొచ్చింది. బుజ్జిగాడు ఆవిడకి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మర్యాదగా చెప్పాడు, మా అమ్మ బల్ల మీంచి పడింది అని. ఆ కొత్తావిడ తల్లి వైపు అయ్యో అన్నట్టు చూసింది. ఆ చూపు ఎవరిదైనా ఒకటే, పోయిన అత్తగారి చూపే.

తల్లి తల వంచలేదు. నేరుగా మంచం మీదున్న భర్త వైపు చూస్తూ నిలబడింది.

బ్యాటరీ దుప్పటి తీసేసి లేచాడు. గోడ పట్టుకుని వచ్చి, కొత్తావిడకి దణ్ణం పెట్టి, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాడు. బల్ల, పొయ్యి, నల్ల ముక్కలు, పొగ. తప్పు నాది, అమ్మది కాదు.

బుజ్జిగాడు నోరు తెరుచుకుని అంతా విన్నాడు. తల్లి వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు.

"నాకిన్నాళ్ళూ ఎవ్వరూ చెప్పలేదేంటి?" అన్నాడు.

"ఇప్పుడు చెప్తున్నానురా" అన్నాడు తండ్రి.